పద్నాలుగో నంబరు

ఇంతకుముందు ఎందుకు రాయలేదంటే, రాయడం రాదు గనక. నాకు ఏడేళ్ళప్పుడు మా అమ్మ నా చంకకు చిన్న బిందె ఎత్తి మిరపతోటలోకి పంపింది. నీళ్ళు మోయడానికి పలకా బలపం అక్కర్లేదు. ఆ తర్వాత కూలి, పెళ్ళి, పిల్లలు. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాక, ఇంటర్ చదివిన ఒక అమ్మాయి ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వరండాలో మాలాంటి వాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది. తొంభైల మొదట్లో మాట. ఒత్తులు పట్టుబడేసరికి రెండేళ్ళు పట్టింది.

రాయడం వచ్చాక కూడా ఈ సంగతి చాలాకాలం రాయలేదు. ఇది రాయాలంటే, నేను చదివి కూడా నోరు మూసుకున్నానని ముందు ఒప్పుకోవాలి.

అప్పుడు నేను జగ్గయ్యపేటలో మందు కొట్టే పంపులు తయారుచేసే షెడ్డులో పని చేసేదాన్ని. వీపుకు తగిలించుకుని, ఒక చేత్తో పిడి ఆడిస్తూ ఇంకో చేత్తో గన్ను పట్టుకుని పత్తికీ మిరపకీ కొట్టే పంపులు. షెడ్డు ముందు నుంచి సున్నపురాయి లారీలు పోతుండేవి. పొద్దున తుడిచిన బల్ల మధ్యాహ్నానికి తెల్లబడేది. మగవాళ్ళు పంపులు బిగిస్తే, మేం ఆరుగురు ఆడవాళ్ళం పెట్టెలు సర్దేవాళ్ళం. బెల్టులు రెండు, గన్ను ఒకటి, గన్ను కొసకు బిగించే నాజిల్ ఉన్న పొట్లం ఒకటి. ట్యాంకు మూతిలో పెట్టే ప్లాస్టిక్ జల్లెడ ఒక కవర్లో పెట్టి, దానికి రబ్బరు బ్యాండు వేసేదాన్ని. అన్నిటి పైన ఒక కాగితం. దాన్ని నాలుగు మడతలు పెట్టడం కూడా నా పనే. ఎన్ని మడిచానో నాకే తెలియదు. బస్సు టిక్కెట్టు చేతికొచ్చినా నాలుగు మడతలు పెట్టేదాన్ని.

చదువు వచ్చాక, నా అంతట నేను మొదటి నుంచి చివరిదాకా చదివింది ఆ కాగితమే. పాఠాల పుస్తకంలో బొమ్మలుండేవి, అందుకని సగం ఊహించి చెప్పేయొచ్చు. దీంట్లో బొమ్మల్లేవు. రెండు వైపులా చిన్న అక్షరాలు. అన్నం తినేటప్పుడు పక్కన పెట్టుకుని రోజుకు రెండు నంబర్ల చొప్పున చదివాను. మొత్తం పదహారు నంబర్లు. "నిర్దేశిత పీడనము నెలకొను పర్యంతము పిడిని చాలనము చేయవలెను." ఇలా ఉండేది. కూడబలుక్కుంటే ప్రతి అక్షరం పలికేది కానీ, వాక్యం అయ్యేసరికి చేతిలో ఏమీ మిగిలేది కాదు. నా చదువు ఇంకా కుదురుకోలేదని అనుకున్నాను. కాగితంలో తప్పుంటుందని అప్పుడు నాకు తోచలేదు.

పద్నాలుగో నంబరు ఒక్కటి మాత్రం అర్థమైంది. వెనకవైపు, కింద. "నాజిలు యందు అవరోధమేర్పడినచో నోటితో ఊదుట నిషిద్ధము." అవరోధం తెలియలేదు కానీ నోరు, ఊదడం తెలిశాయి. నాజిల్ నోట్లో పెట్టుకుని ఊదొద్దంటున్నాడన్నమాట. అర్థమైనందుకు గర్వంగా కూడా అనిపించింది. కాగితం మడిచి పెట్టెలో పెట్టేశాను.

మా చెల్లెలిది వీరులపాడు దగ్గర ఒక పల్లె. మా మరిది కొంత చేను కౌలుకు తీసుకుని మిరప వేసేవాడు. ఆ సంవత్సరం వాళ్ళు మా షెడ్డు పంపే కొన్నారు. అక్క చేసే పంపని మా చెల్లెలు ఊరందరికీ చెప్పుకుంది. నేను పెట్టె సర్దడం తప్ప ఏమీ చేయలేదంటే వినదు.

ఒక ఆదివారం చూడబోయాను. ఇద్దరూ చేలో ఉన్నారు. మరిది వీపున పంపు, మా చెల్లెలి చంకన బిందె. పంపు ఖాళీ అయినప్పుడల్లా అతను సాలు చివరికి వచ్చి, పంపు దించకుండానే గొంతుక్కూర్చునేవాడు. దించితే మళ్ళీ ఎత్తి తగిలించేవాళ్ళు కావాలి. చెల్లెలు వెనక నిలబడి, మందు కలిపిన నీళ్ళు బిందెతో ధారగా పోసేది. ఆ చుట్టుపక్కల చేలన్నిటిలో అలాగే పోస్తారు. చిన్నప్పుడు నేనూ అలాగే పోశాను.

కాసేపటికి గన్ను నుంచి ధార ఆగిపోయింది. మరిది నాజిల్ విప్పి, చొక్కాకు ఒకసారి తుడిచి, నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. పక్కకు ఉమ్మాడు. మళ్ళీ ఊదాడు.

పద్నాలుగో నంబరు నా కళ్ళ ముందుకొచ్చింది. వెనకవైపు, కింద, మడత పడేచోట. నోటిదాకా వచ్చింది కూడా. అన్నానా? అనలేదు. వీళ్ళు పుట్టినప్పటి నుంచీ ఊదుతున్నవాళ్ళే, మొన్న నాలుగక్షరాలు నేర్చుకుని నేను మరిదికి చెప్పేదేమిటనుకున్నాను.

"ఏంది వదినా అట్టా చూత్తన్నావు? నీ పంపుకే జలుబు చేసింది. ముక్కు చీదుతున్నా" అన్నాడు నవ్వుతూ.

నేనూ నవ్వాను.

ఆ సాయంత్రానికి అతనికి వాంతులు పట్టుకున్నాయి. నోటి వెంట నురగలాంటి చొంగ కారింది, కాళ్ళు నిలబడలేదు. ఆటోలో నందిగామ ఆస్పత్రికి తీసుకెళ్ళాం. బతికాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆస్పత్రిలో ఉన్న మూడు రోజులూ మాకు ఎవరూ చెప్పలేదు. ఎండలో పీల్చిందీ, ఒంటి మీద పడిందీ, నోట్లోకి పోయిందీ అన్నీ కలిసి ఎక్కాయని డాక్టరు అన్నాడు. ఊదడం మాత్రం ఇంకోసారి చేయొద్దని గట్టిగా చెప్పాడు.

ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పుడు మా చెల్లెలు నా వైపు తిరగకుండానే అడిగింది.

"అక్కా, ఆ పెట్టెలో కాగితం పెట్టేది నువ్వేగా?"

"ఊఁ."

"ఊదొద్దని దాంట్లో ఉందా?"

"ఉంది. వెనకమాల."

"నువ్వు చదివావా?"

చేతిలో ఉన్న మందుల చీటీ నాలుగు మడతలు పెట్టాను. అది ఇంకేమీ అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది.

మరిది ఇంటికి వచ్చాక నేను కాగితం కోసం వెతికాను. భద్రంగానే ఉంది, రేషన్ కార్డుతో పాటు ట్రంకు పెట్టెలో. నా మడతలు నాలుగూ అలాగే ఉన్నాయి, ఎవరూ విప్పలేదు. దాని కింద ఇంకో కవరు కనిపించింది. ట్యాంకు జల్లెడ. నేను వేసిన రబ్బరు బ్యాండు కూడా తీయలేదు.

"ఇదేంటే ఇక్కడ పెట్టావు?"

"చేలో పారేసుకుంటామని దాచా. కొత్తదిగా" అంది చెల్లెలు.

జల్లెడ పెట్టెలో దాస్తే, కాలువ నీళ్ళలోని నలకలన్నీ నేరుగా నాజిల్‌లోకి పోతాయి. నాజిల్ మూసుకుపోతుంది. అప్పుడు నోట్లో పెట్టుకుంటారు. ఆ వరస నాకు మా చెల్లెలి ట్రంకు పెట్టె ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. అన్నేళ్ళు షెడ్డులో బల్ల ముందు కూర్చుని తెలియలేదు.

ఇంకో వారం పది రోజుల్లో మరిది మళ్ళీ చేలోకి దిగుతాడు. దిగొద్దంటే కాపు పోతుంది. షెడ్డులో కాగితాలు కూడా అయిపోవచ్చాయి. మా యజమాని నందిగామలో ఒక చిన్న ప్రెస్సులో, ఒకేసారి రెండేళ్ళకు సరిపడా అచ్చు వేయించేవాడు. ఇప్పుడు మారకపోతే ఇంకో రెండేళ్ళపాటు ఆ పద్నాలుగో నంబరునే నా చేత్తో మడిచి పెట్టాలి. ఆ ఆలోచన వచ్చినప్పటి నుంచీ నాకు కూర్చుంటే నిలబడాలనీ, నిలబడితే నడవాలనీ అనిపించేది.

యజమాని మంచివాడే. బి.ఎస్సీ. చదివాడు. ఇంగ్లీషు కాగితం ముందు పెట్టుకుని, డిక్షనరీ చూసి, ఆ పదహారు నంబర్లూ ఆయనే రాశాడు.

"పద్నాలుగోది మొదటికి తీసుకురండి సార్. అర్థమయ్యేటట్టు రాయండి" అన్నాను.

"నీకు చదువొచ్చా? నాకు తెలీదే!" అన్నాడు. "సరే, ఎట్టా రాస్తే అర్థమవుద్దో నువ్వే రాసుకురా. శుక్రవారం ప్రెస్సులో అచ్చు మొదలెడతారు. అంతలోపు తే."

నాకు ఐదు రోజులున్నాయి. మొదటిరోజు అర నిమిషంలో రాసేశాను. "నాజిల్ నోటితో ఊదొద్దు." నా పక్కన బెల్టులు చుట్టే ఆమెకు చదివి వినిపించాను.

"మరి మూసుకుపోతే ఏం చెయ్యాల? దణ్ణం పెట్టాలా?" అంది.

నిజమే. మందు కలిపిపెట్టుకుని, ఎండ ఎక్కుతుంటే, చేతిలో మూసుకుపోయిన నాజిల్ పట్టుకున్నవాడికి వద్దన్న మాట ఒక్కటీ ఏం పనికొస్తుంది? బిగించే మేస్త్రీని అడిగాను. తీగ పెట్టి పొడిస్తే బెజ్జం పెద్దదైపోతుందనీ, నీళ్ళలో జాడించి పాత పళ్ళ బ్రష్షుతో రుద్దితే చాలనీ చెప్పాడు. అది రాశాను. దానికి పైన ఇంకో మాట చేర్చాను: "జల్లెడ తీయొద్దు."

ఇది అన్నిటికంటే తేలిక మాటనుకున్నాను. బుధవారం షెడ్డుకు సెలవు పెట్టి చెల్లెలి దగ్గరకు పోయి వినిపించాను.

"తీయకపోతే నీళ్ళు పట్టవే" అంది.

"ఎందుకు పట్టవు?"

"నన్నడుగుతావేంటి? నువ్వే పోసి చూడు."

మరిది మంచంలోంచి లేస్తానన్నాడు. వద్దన్నాం. చెల్లెలే ఉత్త పంపు తగిలించుకుని వాకిట్లో గొంతుక్కూర్చుంది. నేను జల్లెడ పెట్టి, బిందె ఎత్తి పోశాను. మంచినీళ్ళే. జల్లెడ మీద నీళ్ళు ఒక్కసారిగా లేచి, పొర్లి, దాని మెడ మీదుగా జాకెట్టులోకి పోయాయి. చెల్లెలు కెవ్వుమంది. మరిది మంచంలో నవ్వి, దగ్గొచ్చి ఆగాడు.

"ఇప్పుడు రాయి, జల్లెడ తీయొద్దని" అంది చీర పిండుకుంటూ. "నీళ్ళకు బదులు మందయితే నా మొగుడి వీపు మీద అదంతా కారుద్ది. అందుకే తీసి దాచా. నాకేం తెలివి లేక కాదు."

జల్లెడ దాచినందుకు షెడ్డులోనూ, బస్సులోనూ నేను దాన్ని మనసులో ఎన్నిసార్లు తిట్టుకున్నానో. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తర్వాత పంపు దించి నేల మీద పెట్టాం. చెంబుతో పోశాం. జల్లెడ ఉన్నా ఒక్క చుక్క బయట పడలేదు. ఎక్కువసేపు పట్టింది, అది నిజం. పంపు మళ్ళీ ఎత్తి తగిలించాలి. చెల్లెలు లేచి, పంపు ఒక గట్టు అంత ఎత్తున్న బండ మీద పెట్టింది. వెనక్కి తిరిగి బెల్టుల్లో చేతులు దూర్చి లేచి నిలబడింది. ఎవరూ ఎత్తాల్సిన పని లేకపోయింది.

"ఇది కూడా రాయి. గట్టు మీద పెట్టమని" అంది.

అక్కడే వాకిట్లో కూర్చుని రాశాను. ఒక్కో మాట రాసి దానికి చదివి వినిపించడం, అది చేసి చూడటం, ఆగినచోట కొట్టేసి మళ్ళీ రాయడం. అప్పటికి నాకు ఒక సంగతి తెలిసింది. సార్ కాగితం గన్ను పట్టుకునేవాడి కోసం రాసింది. నీళ్ళు పోసే మనిషి దాంట్లో లేదు. ఆ మనిషి ఎప్పుడూ ఆడమనిషే, ఎక్కువగా చదువు రానిది. కాబట్టి పక్కవాళ్ళు ఒక్కసారి చదివితే చెవిన పడి గుర్తుండేటట్టు రాయాలి. చివరికి ఇంత మిగిలింది.

"నీళ్ళు పోసేవాళ్ళు వినండి. పంపు దించి గట్టు మీద పెట్టండి. జల్లెడ మూతిలోనే ఉండాలి. బిందెతో పోయొద్దు, చెంబుతో పోయండి. మందు కొట్టేవాళ్ళు వినండి. ధార ఆగిపోతే నాజిల్ నోట్లో పెట్టుకోవద్దు. మందు లోపలికి పోతే ప్రాణం పోతుంది. నాజిల్ విప్పి, నీళ్ళలో జాడించి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్దండి. పళ్ళ బ్రష్షు పంపు బెల్టుకు కట్టి ఉంచుకోండి. మళ్ళీ ఆ బ్రష్షు ఇంట్లోకి తేవద్దు."

చివరి రెండు మాటలూ మరిదివి. బ్రష్షు ఇంట్లో ఉంటే చేలో దొరకదని ఒకటి, చేలోది ఇంటికొస్తే పిల్లలు నోట్లో పెట్టుకుంటారని ఒకటి.

గురువారం పొద్దున సార్‌కు ఇచ్చాను. చదివి తల ఊపాడు. సాయంత్రం నన్ను పిలిచి, ప్రెస్సు నుంచి మనిషి చేత వచ్చిన ప్రూఫు చూపించాడు. సిరా తడి ఇంకా ఆరలేదు.

"నీ మాటలే. కాస్త దిద్దా. మరీ ఇంట్లో మాట్లాడుకునేటట్టు ఉంటే బాగోదుగా? కంపెనీ కాగితం. నువ్వన్నట్టే మొదటికి తెచ్చా, చూడు."

చూశాను. "1. ద్రావణమును పూరించు తరుణమున జల్లెడను తొలగించరాదు. 2. నాజిలు యందు అవరోధమేర్పడినచో నోటితో ఊదుట ప్రాణాంతకము. తగు సాధనముతో శుభ్రపరచవలెను." గట్టు లేదు. చెంబు లేదు. నీళ్ళు పోసేవాళ్ళు లేరు. సార్ ముఖంలో సంతోషం ఉంది. నాకు మేలు చేశానన్న సంతోషం.

"ఎట్టా ఉంది?"

"బాగుందండి" అన్నాను.

అనేసి బల్ల దగ్గరకు వచ్చాను. చేతిలో బెల్టు ఉంది, అది ఎటు చుట్టాలో తోచలేదు. మిరప చేలో నవ్విన నవ్వూ, ఇప్పుడు అన్న ఈ మాటా ఒకటే. రెండుసార్లూ నాకు తెలుసు. రెండుసార్లూ ఎదుటి మనిషి ముఖం చూసి ఆగిపోయాను.

ఇంటికొచ్చి పొయ్యి మీద అన్నం పెట్టి బయటికి వచ్చాను. వాకిట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. లోపలికి పోయి మూత తీసి చూశాను, నీళ్ళింకా మరగలేదు. మళ్ళీ బయటికి. మా ఆయన క్వారీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ నన్నే చూస్తున్నాడు.

"ఏందే, ఆంబోతులాగా ఆ తిరుగుడు? ఎవర్ని పొడుద్దామని?"

చెప్పాను. అంతా విన్నాడు.

"సార్‌కి చెప్పొచ్చుగా బాగాలేదని."

"బాగుందన్నాగా."

"అయితే పోయి బాగాలేదను."

"పని నుంచి తీసేస్తే?"

ఆయన తువ్వాలు దులిపి దండెం మీద వేశాడు. "తీసేత్తే తీసేత్తాడు. నువ్విట్టా తిరుగుతా ఉంటే ఇంట్లో మాకు అన్నం దిగదు" అన్నాడు.

అన్నం అడుగంటింది. అదే తిన్నాం. పడుకున్నాను కానీ, ప్రెస్సులో రేపు పొద్దున చక్రం తిరగడం మొదలైతే కాగితం తర్వాత కాగితం ఎలా పడుతుందో అదే కనబడింది.

మర్నాడు పొద్దున షెడ్డు తాళం తీసే మేస్త్రీని అడిగి, బిగించిన పంపు ఒకటి పెట్టెతో సహా తీసుకున్నాను. సార్ వస్తే నందిగామ ప్రెస్సుకు పోయిందని చెప్పమన్నాను. "అడక్కుండానా?" అన్నాడు మేస్త్రీ. "నువ్వు చెబుతున్నావుగా" అన్నాను. బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకుంటే కండక్టరు పైన వేయమన్నాడు. వేయలేదు. చిల్లకల్లు దాటేదాకా కాళ్ళు ఒక చోట ఆగలేదు.

ప్రెస్సంటే ఇంటి ముందు గదే. అప్పుడే తలుపులు తీశారు. ప్రెస్సాయన బనీను మీద ఉన్నాడు. సీసం అక్షరాలు పేర్చి బిగించిన చట్రం బల్ల మీద సిద్ధంగా ఉంది.

"కాస్త ఆపండి బాబూ" అన్నాను.

"సార్ సరేనన్నారుగా. మళ్ళీ పేర్చాలంటే పూట పడుద్ది. సార్ చెబితేనే."

"సార్‌కి ఫోన్ చేద్దురుగాని. ముందు మీరు ఆ ప్రూఫు ఒక్కసారి పైకి చదవండి."

అప్పుడే ఆయన భార్య కుళాయి నుంచి నీళ్ళ బిందె చంకన పెట్టుకుని గడప ఎక్కుతోంది. నాకు అడగాల్సిన మనిషి దొరికింది.

"అమ్మా, రెండు నిమిషాలు. ఈ పంపులో ఆ నీళ్ళు పోయాలి. ఆయన చదివినట్టు చెయ్యి."

"నాకేం పన్లేదా? పొయ్యి మీద పాలున్నాయి" అంటూనే ఆగింది. పెట్టె వైపు ఆశగా చూసింది. కొత్త వస్తువంటే ఎవరికైనా చూడాలనే ఉంటుంది.

నేను పంపు తీసి, కవర్లోని జల్లెడ మూతిలో పెట్టి, వీపుకు తగిలించుకుని గుమ్మం ముందు గొంతుక్కూర్చున్నాను. ఆయన ప్రూఫు తీసి సార్ మాటలు చదివాడు, గట్టిగా, తడబడకుండా. ద్రావణమును పూరించు తరుణమున జల్లెడను తొలగించరాదు. చదవడం పూర్తయింది. ఆమె చంకలో బిందెతో నా వెనక్కి వచ్చింది, మూత తీసింది, వంగి చూసింది. చేయి పెట్టి జల్లెడ బయటికి లాగేసింది.

"ఇది అడ్డంగా ఉందమ్మా" అంది.

ప్రెస్సాయన చేతిలో కాగితం వంక చూశాడు. భార్య చేతిలో జల్లెడ వంక చూశాడు.

"ఇప్పుడు ఇది చదవండి" అని నా కాగితం ఇచ్చాను. కొట్టివేతలతో, చెల్లెలి వాకిట్లో నీటి చుక్కలు పడి అక్కడక్కడ అలుక్కుపోయి ఉంది. ఆయన నీళ్ళు పోసేవాళ్ళు వినండి అని మొదలుపెట్టాడు. గట్టు దగ్గరకు వచ్చేసరికి ఆమె, "లే, లే, అరుగు మీద పెట్టు దాన్ని" అని నన్ను లేపింది. చెంబు దగ్గరకు వచ్చేసరికి బిందె దించేసింది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అని చెంబు కోసం లోపలికి పోయింది. పాలు పొంగినట్టున్నాయి, లోపల ఏదో చప్పుడైంది.

ప్రెస్సాయన ఫోను దగ్గరకు నడిచి జగ్గయ్యపేట నంబరు తిప్పడం మొదలుపెట్టాడు. లైను కలిస్తే సార్‌కు నేనే చెప్పాలని, నిన్న బాగుందని అబద్ధం చెప్పానన్న మాటతోనే మొదలుపెట్టాలని అనుకున్నాను. ఆమె చెంబుతో వచ్చేలోపు జల్లెడ మళ్ళీ మూతిలో కూర్చోబెట్టి, పంపు కదలకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.